ఖాళీగా తిరిగిరాని పళ్లెం

డ్రైవరు సీమోను పొట్టకూ బస్సు స్టీరింగుకూ మధ్య ఒకప్పుడు హాయిగా ఒక దినపత్రిక పట్టేంత జాగా ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జాగా మడతపెట్టిన పత్రిక స్థాయికి, ఆపైన టికెట్టు ముక్క స్థాయికి దిగి, చివరికి సరిహద్దు తగాదాగా మారింది. మలుపు తిప్పినప్పుడల్లా స్టీరింగు అతని చొక్కా గుండీని పలకరించి పోయేది. ఇందులో తన తప్పేమీ లేదనీ, కొత్త బస్సుల్లో సీట్లే ముందుకు జరిపి బిగిస్తున్నారనీ సీమోను గట్టి నమ్మకం. నవంబరు నెలలో డిపోకు వచ్చిన డాక్టరుగారు ఆ నమ్మకాన్ని, బరువు తూచే యంత్రం సాక్షిగా, నిర్దాక్షిణ్యంగా కొట్టిపారేశారు.

"జనవరిలో మీకు వైద్య పరీక్ష ఉంది" అన్నారాయన. "షుగరు గీత దాటబోతోంది. బరువు ఎప్పుడో దాటింది. రెండూ దిగాలి. దిగకపోతే మిమ్మల్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టమని నేను రాయలేను."

"మరి యాడ కూసోబెడ్తరు సార్?"

"అది డిపోవాళ్ల ఇష్టం."

డిపోవాళ్ల ఇష్టమంటే ఏమిటో సీమోనుకు తెలుసు. దాని పేరు ఎల్లేష్. ఎల్లేష్ ఒకప్పుడు సీమోనుతోపాటే బస్సు నడిపినవాడు. నాలుగేళ్ల కింద కంటిచూపు పరీక్షలో తప్పాడు. అప్పటినుంచి డిపో గేటు దగ్గర నిలబడి, మెడలో సీటీ అనే ఈల వేలాడేసుకుని, బయటికి పోయే ప్రతి బస్సుకూ ఆ సీటీ ఊది చెయ్యి ఊపుతాడు. జీతంలో పెద్ద తేడా లేదు. కానీ మనిషిలో వచ్చిన తేడా గేటు దాటే ప్రతి డ్రైవరుకూ కనబడేది.

ఆ సాయంత్రం బస్సు లోపల పెట్టి వస్తున్న సీమోనును చూసి ఎల్లేష్ నవ్వాడు.

"డాక్టరు ఏమన్నడట? ఫికర్ చెయ్యకు భాయ్. ఈ గేటుకు ఇంకో మనిషి కావాల్నని మేనేజరు మొన్ననే అన్నడు. నీకు కొత్త సీటీ కొనిపెడ్త."

తమాషాకే అన్నాడు. సీమోను కూడా తమాషాకే నవ్వాడు. ఇంటి దగ్గరి పురానాపూల్ వంతెన దాకా వచ్చేసరికి ఆ నవ్వు ఎక్కడో జారిపోయింది.

ఇంట్లో విషయం విన్న వెంటనే కూతురు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. నర్సింగు చదువుతున్న ఆ పిల్ల పంచదార డబ్బాను అటక మీదికి చేర్చింది, రొట్టెల లెక్క తగ్గించింది, చాయ్‌ని రంగునీళ్ల స్థాయికి దించింది. ఇంట్లో తీపిని నిషేధించిన ఈ మనిషికి స్వీటీ అని పేరు పెట్టింది సీమోనే. ఆ సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.

అసలు చిక్కు డిసెంబరుతో వచ్చింది.

సీమోను భార్య మాణిక్యమ్మ చేసే క్రిస్మస్ పిండివంటలకు ఆ గల్లీలో ఉన్న ప్రతిష్ఠ సామాన్యమైనది కాదు. కేకు, బిస్కెట్లు ఒక ఎత్తు. గులాబీ పువ్వులు ఒక్కటే ఒక ఎత్తు. పువ్వు ఆకారంలో ఉన్న ఇనుప అచ్చును పిండిలో ముంచి మరిగే నూనెలో పెడితే, పిండి పువ్వై విచ్చుకుని అచ్చును వదిలేస్తుంది. ఆమె అచ్చు తల్లి ఇచ్చినది. ఎప్పుడో చేయిజారి బండమీద పడి ఒక రెక్క వంగింది. అందుకే ఆమె చేసే ప్రతి గులాబీకీ ఒక రెక్క కొంచెం ముడుచుకుని, కన్ను కొట్టినట్టుండేది. గల్లీలో పిల్లలు మొదట ఆ రెక్కనే విరుచుకు తినేవాళ్లు.

"ఈసారి ఏం చెయ్య" అంది మాణిక్యమ్మ.

మాట మామూలుగానే అంది. కానీ అచ్చును గుడ్డతో తుడిచి మళ్లీ మేకుకు తగిలించే తీరులో ఒక ఇల్లు ఖాళీ చేస్తున్నంత బరువుంది. సీమోను అది చూడలేకపోయాడు. ఆ చూడలేకపోవడంలో భార్యమీది ప్రేమ ఎంత, గులాబీ పువ్వులమీది ప్రేమ ఎంత అన్నది తేల్చడం కష్టం.

"గల్లీల ఏమంటరు మాణిక్యం? ఇంట్ల పండుగ లేదనుకోరా? చెయ్యి. కానీ చేసిన పొద్దే ఇంట్లకెళ్లి బయటికి పోవాలె. ఒక్కటి మిగలొద్దు."

"నువ్వు ఓర్సుకుంటవా?"

"నేనా? నాకేమైంది?"

స్వీటీ తండ్రిని కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. ఒప్పందం కుదిరింది. చరిత్రలో చాలా ఒప్పందాల్లాగే దీంట్లోనూ ఒక ముఖ్యమైన అంశం రాసుకోవడం మరిచారు.

మైదా, డాల్డా, చెర్రీలు, టూటీ ఫ్రూటీ బేగంబజార్ నుంచి వచ్చాయి. కేకూ బిస్కెట్లూ కాల్చడానికి ఇళ్లల్లో పొయ్యిలు చాలవు గనక సరుకంతా బేసిన్లలో వేసుకుని ఖాదర్ భాయ్ బేకరీకి మోసుకుపోవడం అక్కడి వాడుక. పెద్ద భట్టీ ముందు ఎవరి పిండికి వాళ్లు కాపలా కూర్చోవాలి. లేకపోతే ఒకరి నెయ్యి బిస్కెట్లు ఇంకొకరి డాల్డా బిస్కెట్లతో కలిసిపోయి ఏడాదిపాటు మాటలుండవు. ఆ కాపలా ప్రతి ఏడూ సీమోనుదే. ఈసారి అతను జేబులో కీరదోసకాయ పెట్టుకుని పోయాడు.

మొదటి రేకు బయటికి రాగానే అందులో మొదటి బిస్కెట్టు సరుకు తెచ్చినవాడు తినాలి. అది భట్టీ మర్యాద.

"చఖో, సీమోన్ భాయ్" అన్నాడు ఖాదర్. "మీఠా బరాబర్ హై క్యా, తీపి సరిపోయిందా, బోలో."

"బరాబర్ హై" అన్నాడు సీమోను, చేతులు కట్టుకుని.

"అరే, ఖాయే బగైర్ కైసా మాలూమ్? తినకుండ ఎట్ల తెలుస్తది? నా భట్టీ మీద నమ్మకం లేదా?"

ఇది పరువు సమస్య. సీమోను ఒక బిస్కెట్టు తిన్నాడు. న్యాయమూర్తి హోదాలో తిన్నాడు. తీర్పు అనుకూలంగా వచ్చింది. అయితే ఒక్క విచారణతో తీర్పు చెప్పడం న్యాయం కాదని తోచి అప్పీలు కింద రెండోది తిన్నాడు. మూడోది ఎందుకు తిన్నాడో చెప్పడానికి ఏ చట్టమూ లేదు. కీరదోసకాయ మాత్రం జేబులో చెక్కుచెదరకుండా ఇంటికి వచ్చింది.

మర్నాడు మాణిక్యమ్మ స్టీలు పళ్లేలు కడిగి తుడిచి వరసగా పెట్టింది. కేకు ముక్కలు, బిస్కెట్లు, గులాబీ పువ్వులు సర్ది, పైన లేసు అల్లిన గుడ్డ కప్పింది. ప్రతి పళ్లెం అంచున ఆమె పేరు చెక్కి ఉంది. ఆ పేర్లు చెక్కింది పక్కింటి వైకుంఠమే. అతను బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో పనిచేస్తాడు. గల్లీలో ఏ ఇంటి చెంబుకైనా, గిన్నెకైనా పేరు పెట్టేది అతనే. పళ్లేలన్నీ పంపేసరికి ఇంట్లో వాసన తప్ప ఇంకేమీ మిగల్లేదు. సీమోను ఆ వాసన కూడా ఎక్కువ పీల్చకుండా వాకిట్లో కూర్చుని, ఆత్మనిగ్రహం మరీ అంత కష్టమేమీ కాదని తీర్మానించుకున్నాడు.

సాయంత్రం నుంచి పళ్లేలు తిరిగి రావడం మొదలైంది.

ఒప్పందంలో మరిచిన అంశం ఇదే. ఆ గల్లీలో పళ్లెం ఖాళీగా తిరిగి రాదు. క్రిస్మస్‌కు పోయిన పళ్లెమైనా, బతుకమ్మకు పోయిన పళ్లెమైనా, రంజాన్‌కు వచ్చిన పళ్లెమైనా, మరలి పోయేటప్పుడు అందులో ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే ఇచ్చినవాళ్లను అవమానించినట్టు. పుట్టినప్పటినుంచీ పాటిస్తున్న పద్ధతి గనక సీమోనుకు గానీ మాణిక్యమ్మకు గానీ ఇది విడిగా గుర్తు రాలేదు. ఊపిరి పీలుస్తున్నామని ఎవరికి గుర్తుంటుంది?

బర్రెలు పెట్టుకుని పాలు అమ్మే బాలమ్మ పళ్లెం నిండా పాలకోవ తెచ్చింది. తేవడమే కాదు, గడపలో కూర్చుంది.

"తిను తమ్మీ. నా ముందట తిను. చిక్కినవు కదా, మొఖం గుంజుకపోయింది."

నెలరోజులుగా ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఎదురుచూస్తున్న మనిషికి అది కోవకన్నా తియ్యగా తగిలింది. కృతజ్ఞతతో రెండు తిన్నాడు. తర్వాత వైకుంఠం భార్య సుజన కజ్జికాయల్లాంటి గరిజెలు తెచ్చింది. ఇంకో ఇంటినుంచి లడ్డూలు, మరో ఇంటినుంచి బాదుషాలు వచ్చాయి. చివరి ఇంట్లో ఉండే కృష్ణమ్మ మాత్రం, ఎప్పటిలాగే, పళ్లెంలో బంతిపూలు పోసి పంపింది. ఆమె గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు అమ్ముతుంది. తెల్లారకముందే పోయి పొద్దు గూకినాక వచ్చే మనిషి, పిండివంటలకు తీరిక లేదు.

"ఆమెకు ఏడాదికోసారన్న పొయ్యి ముట్టియ్యబుద్ధి కాదు" అని మాణిక్యమ్మ మూతి తిప్పింది. "పూలు తింటమా?"

వారం గడిచేసరికి ఇంట్లోంచి బయటికి పోయిన తీపికన్నా ఇంట్లోకి వచ్చిన తీపి ఎక్కువైంది. ఆదివారం స్వీటీ తండ్రిని కాలేజీ నుంచి తెచ్చిన యంత్రం ఎక్కించింది. ముల్లు నవంబరు నాటి చోటునూ దాటి నిలబడింది.

"డాడీ, ఇది దిగాలె కదా? ఎక్కుతుందేంది?"

"మెషిన్ ఖరాబ్ అయినట్టుంది బిడ్డా."

"మెషిన్ మంచిగనే ఉంది. ఇంక మూడు వారాలే ఉంది డాడీ."

సీమోనుకు ఎల్లేష్ మెడలోని సీటీ కళ్లముందు ఊగింది. ఆ రోజు మధ్యాహ్నం, మాణిక్యమ్మ చర్చిలో పాటల సాధనకు పోయిన సమయం చూసి, అతను చరిత్రాత్మకమైన నిర్ణయం తీసుకున్నాడు. బాలమ్మ ఇచ్చిన కోవను ఒక పళ్లెంలో సర్ది, గుడ్డ కప్పి, సుజనకు ఇచ్చి వచ్చాడు. సుజన ఇచ్చిన గరిజెలను ఇంకో ఇంటికి, అక్కడి లడ్డూలను మరో ఇంటికి చేరవేశాడు. ముప్పై ఏళ్లుగా మనుషులను ఒకచోట ఎక్కించుకుని ఇంకోచోట దించుతున్న వాడికి ఈ పని చెయ్యడానికి కొత్త చదువేమీ అక్కర్లేకపోయింది. ఇల్లు శుభ్రమైంది. పళ్లేలు మళ్లీ ఖాళీగా రావన్న సంగతి రెండోసారి కూడా అతనికి తట్టలేదు.

మర్నాడు సుజన పళ్లెం తిరిగి తెచ్చిచ్చింది. గుడ్డ తీసిన మాణిక్యమ్మ అలాగే నిలబడిపోయింది.

పళ్లెంలో గులాబీ పువ్వులున్నాయి. ఒక్కొక్క పువ్వుకీ ఒక రెక్క ముడుచుకుని ఉంది. ఆమె పళ్లెంలోంచి ఆమె పువ్వులే ఆమెకు కన్ను కొడుతున్నాయి.

"సుజనా, ఇవి యాడివే?"

"బాలమ్మత్త ఇచ్చింది పిన్నీ. వాళ్ల కోడలు నేర్సుకుందేమో అనుకున్న. మంచిగున్నయి కదా?"

"తిన్నవా?"

సుజన తల అడ్డంగా ఊపింది.

మాణిక్యమ్మ చీర కొంగు నడుముకు దోపి, పళ్లెం పట్టుకుని నడిచింది. వెనక సుజన, సుజన వెనక ఏదో ప్రమాదం జరగబోతోందని గ్రహించి సీమోను. బాలమ్మ పశువుల కొట్టం ముందు బర్రెకు కుడితి పెడుతోంది.

"అక్కా, నేను పొద్దంత నూనె ముంగట కూసోని చేసిన. ఒక్కటన్న నోట్ల పెట్టినవా? పెట్టకుంటనే పక్కింటికి తోలినవా?"

"ఏందే లొల్లి?" బాలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి పళ్లెం చూసి గతుక్కుమంది. కానీ బాలమ్మ సులువుగా దొరికే మనిషి కాదు. "ఒకటి తిన్న. ఒట్టు. మోకాళ్లకు బరువు వద్దన్నడు డాక్టరు. పారెయ్యబుద్ధి కాలే, సుజనకిచ్చిన. తప్పా?"

"తప్పే! నాకు ఎట్లుంటది చెప్పు?"

"అయితే నా కోవ ముచ్చట చెప్పు. నిన్న సుజన ఇంట్ల చూసిన, నా కోవనే. నా చేతి ఒత్తు నాకెర్క లేదా? అది సుజన ఇంట్లకు ఎట్ల నడిచిపోయింది? కాళ్లొచ్చినయా?"

"ఆ కోవ సీమోను బాబాయి తెచ్చిండు" అంది సుజన, ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు కొద్దీ.

అందరూ వెనక్కి తిరిగారు. బర్రె కూడా కుడితిలోంచి తల ఎత్తింది. జనంతో కిక్కిరిసిన బస్సును ఇరుకు సందుల్లో చలించకుండా నడిపిన సీమోనుకు ఇప్పుడు రివర్సు గేరు ఎక్కడుందో తెలియలేదు.

"నువ్వా?" అంది మాణిక్యమ్మ.

"నేనే" అన్నాడు. ఏదైనా తమాషా మాట అందామని నోరు తెరిచాడు గానీ వేరే మాట వచ్చింది. "జనవరిల పరీక్ష తప్పితే నన్ను గేటు కాడ నిలబెడ్తరు మాణిక్యం. ఎల్లేష్ లెక్క. సీటీ ఊదుకుంట. నా బస్సు ఇంకెవడో తోలుకపోతుంటే చెయ్యి ఊపాలె. నాతోని కాదు. నాకు అస్తమానం అదే కండ్లల్ల మెదులుతుంది. ఎవ్వరికి చెప్పబుద్ధి కాలే."

పరీక్ష ఉందని మాణిక్యమ్మకు తెలుసు. అతను ఇంతగా భయపడుతున్నాడని తెలియదు. చేతిలోని పళ్లెం మెల్లగా కొట్టం గట్టుమీద పెట్టింది.

"గంత ముచ్చట కడుపుల పెట్టుకోని నా కోవ ఎట్ల తిన్నవు తమ్మీ?" అంది బాలమ్మ.

"నువ్వు ముందట కూసున్నవు కదక్కా."

సుజన ఫక్కున నవ్వి, వెంటనే కళ్లు తుడుచుకుంది. "మా ఇంట్ల ఆయనకు గూడ షుగర్ వచ్చింది పిన్నీ. దుకాణంల తెలుస్తదని ఎవ్వరికి చెప్పొద్దన్నడు. వచ్చినవాట్ల సగం నేనే తింటున్న, పారెయ్యబుద్ధి కాక. నా జాకెట్లు పడ్తలేవు."

ఆ విధంగా తేలిందేమిటంటే, గల్లీలో ప్రతి ఇల్లూ తినకూడనిది వండి, పక్కింటికి పంపి, పక్కింటివాళ్లు తినలేనిది తెచ్చుకుని, వాళ్లకు తెలియకుండా ఇంకో ఇంటికి పంపుతోంది. తీపి తిరుగుతూనే ఉంది, దిగే స్టాపు లేక.

సరిగ్గా అప్పుడే కృష్ణమ్మ మార్కెట్ నుంచి వస్తూ వీళ్లను చూసి ఆగింది. తలమీది గంప దించుకుంది. అందులో అమ్ముడుపోని బంతిపూలు, చామంతులు ఉన్నాయి.

"ఏమైంది? ఎవరికేమైంది?"

విషయం విని ఆమె నడుంమీద చేతులు వేసుకుంది. "ఇన్నేండ్ల సంది నేను పళ్లెంల పూలు పోసి పంపిన. నన్ను చూసి మూతులు తిప్పిండ్రు. నాకు తెల్వదనుకున్నరా? పళ్లెం ఖాళీగ రావద్దన్నరు గని, అండ్ల తినేటిదే ఉండాల్నని ఎవరన్నరు?"

మాణిక్యమ్మ గంపవైపు చూసి, కృష్ణమ్మవైపు చూసి, తన మూతి తిప్పుడు చరిత్ర అంతా గుర్తొచ్చి సిగ్గుపడింది.

"తప్పయింది వదినా" అంది. "రేపు మా వాకిట్ల క్రిస్మస్ నక్షత్రానికి నీ పూలే కట్త."

"కట్టు. పైసలు తీస్కోను గని, ఆ గులాబీలు ఇటు తే. పొద్దట్ల సంది ఏం తినలే."

కృష్ణమ్మ పళ్లెంలోంచి ఒకటి తీసి కరకరా నమిలింది. ఆమె తినడంలో డాక్టరు లేడు, యంత్రం లేదు, భయం లేదు. చూస్తున్న మాణిక్యమ్మ ముఖంలోకి మళ్లీ వెలుగు వచ్చింది. బాలమ్మ ఆగలేక ఒకటి అందుకుంది. సుజన ఒకటి తీసుకుంది. మాణిక్యమ్మ ఒక పువ్వు తీసి, ముడుచుకున్న రెక్క విరిచి భర్త చేతిలో పెట్టింది. అంతే, ఒక్క రెక్క.

సీమోను దాన్ని కొట్టం గట్టుమీద కూర్చుని, నలుగురి ముందూ, నిదానంగా తిన్నాడు. ఇంట్లో దొంగచాటుగా నాలుగు తిన్నప్పుడు కూడా అంత రుచి తెలియలేదని తర్వాత స్వీటీ దగ్గర ఒప్పుకున్నాడు. నాలుగు ఎప్పుడు తిన్నావని స్వీటీ అడిగింది. సంభాషణ అక్కడితో ముగిసింది.

ఆ క్రిస్మస్‌కు గల్లీలో పళ్లేలు ఆగలేదు. పోయినవి పోయాయి, వచ్చినవి వచ్చాయి. ఒకదాంట్లో జామకాయలు, ఒకదాంట్లో పుదీనా, బాలమ్మ ఇంటినుంచి నీళ్లమజ్జిగ చెంబు. మిగతా అన్నిట్లోనూ కృష్ణమ్మ పూలే. పండుగ సాయంత్రం బాలమ్మ కొట్టం ముందు చాపలు పరిచి, అన్ని ఇళ్లల్లో మిగిలిన గులాబీలన్నీ ఒకే పళ్లెంలో పెట్టి, మనిషికి ఒకటి చొప్పున తిన్నారు. వైకుంఠం రెండోదానికి చెయ్యి చాచినప్పుడు సుజన ఆ చేతిని పట్టుకుని, పళ్లెం అంచున అతను చెక్కిన పేరు బాగుందని మెచ్చుకుంది. సీమోను ఉదయంపూట డిపోకు నడిచి పోవడం మొదలుపెట్టాడు. బాలమ్మ మోకాళ్ల కోసమని వంతెన దాకా అతనితో నడిచేది, దారి పొడుగునా బర్రెల గురించి మాట్లాడుతూ.

జనవరిలో డాక్టరుగారు ముల్లును చాలాసేపు చూశారు. కాగితాలు తిరగేశారు. మళ్లీ ముల్లును చూశారు.

"గీతకు ఇవతలే ఉన్నారు. కానీ గీతమీద కూర్చున్నారనే చెప్పాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ రండి. ఈలోపు బస్సు నడపండి."

మర్నాడు పొద్దున సీమోను బస్సు ఎక్కేసరికి కృష్ణమ్మ ఇచ్చిన బంతిపూల దండ ముందు అద్దానికి కట్టి ఉంది. గేటు దగ్గర ఎల్లేష్ నోట్లో సీటీ పెట్టుకుని, ఎప్పటికన్నా పొడుగ్గా ఊదాడు. సీమోను ఆ సీటీని బస్సులో కూర్చుని విన్నాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఎల్లేష్ కూడా ఊపాడు.

రోడ్డెక్కగానే దండలోంచి ఒక బంతిపువ్వు తెగి అతని ఒళ్లో, సరిగ్గా పొట్టకూ స్టీరింగుకూ మధ్యన పడింది. తియ్యకుండా అలాగే ఉంచాడు. పురానాపూల్ మలుపు దాకా అది నలగలేదు. మలుపులో కొంచెం నలిగింది.

ఆరు నెలలుంది కదా, చూద్దాం అనుకుని గేరు మార్చాడు.